గడప దాటని నివాసి

విదేశానికి వెళ్ళి ఒక టర్ము చదివి రాకపోతే డిగ్రీ ఇవ్వబోమని మా అమ్మాయికి యూనివర్సిటీవాళ్ళు ఉత్తరం రాశారు. విదేశానికి వెళ్ళి ఒక టర్ము చదివితే తిరిగి ఇంటికి రానివ్వబోమని నివాసాల శాఖవాళ్ళు ఉత్తరం రాశారు. రెండూ ఒకే రోజు, ఒకే పోస్టులో వచ్చాయి. రెండింటి చివరా "మీ ఉజ్జ్వల భవిష్యత్తును కోరుతూ" అనే ఉంది.

నేనప్పుడు కందిపచ్చడికి పప్పు వేయిస్తున్నాను. మా తన్విత రెండు ఉత్తరాలూ చదివి వినిపించింది. పదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇక్కడి భాష కూరగాయల కొట్టు దాటి నాకు రాదు. అయినా ఆ రెండు ఉత్తరాలూ నాకు బాగానే అర్థమయ్యాయి. పప్పు మాడింది.

"వెళ్ళకపోతే?" అన్నాను.

"డిగ్రీ ఉండదు."

"వెళ్తే?"

"ఇల్లుండదు."

"మధ్యేమార్గం ఏదన్నా ఉంటాదేమో అడగవే."

"ఉందమ్మా. సముద్రం మధ్యలో ఓడలో కూచుని చదువుకోవచ్చు," అంది నవ్వుతూ. ఆ పిల్లకు నవ్వు ఎక్కువ. వాళ్ళ నాన్న పోలిక.

పాలకొల్లు నుంచి ఈ దేశం వచ్చి పదిహేడేళ్ళయింది. అప్పటికి తన్వితకు మూడేళ్ళు. మావారు గంగాధరంగారికి రేవులో క్రేన్లు బాగుచేసే పని. మేం ముగ్గురం ఇక్కడ శాశ్వత నివాసులం. అంటే ఇక్కడ ఉండవచ్చు, పని చేసుకోవచ్చు, పన్ను కట్టవచ్చు, చెత్తను నాలుగు రంగుల డబ్బాల్లో విడదీసి వేయవచ్చు. ఈ దేశం మాది అనుకోవడం ఒక్కటే కుదరదు. పౌరులు ఎన్నాళ్ళు ఊళ్ళు తిరిగినా ఇక్కడ ఎవరూ అడగరు. పరాయివాళ్ళు వెళ్ళిపోతే సంతోషిస్తారు. మేం ఇటూ కాదు, అటూ కాదు. తొంభై రోజులు కనబడకపోతే మా శాశ్వతం చెల్లిపోతుంది.

నాకు దేనికయినా ముందు చెడే తోస్తుంది. ఫోను మోగితే ఆస్పత్రి నుంచి అనుకుంటాను. మోగకపోతే, చేసే ఓపిక కూడా లేదు కాబోలు అనుకుంటాను. ఆ రాత్రికల్లా మా పిల్ల ఏదో ఎయిర్‌పోర్టులో బల్లమీద పడుకుని ముసలిదయిపోవడం దాకా ఆలోచించేశాను.

"ఎందుకే అంత దూరం పోతావు?" అన్నారాయన. "ఆఫీసుకెళ్ళి మనిషిని మనిషి అడిగితే అయిపోద్ది."

వెళ్ళాం. ఒక్క మాట కూడా తప్పిపోకూడదని నేను తెలుగు దుబాసీ కావాలన్నాను. కౌంటరులో ఆవిడ ఒక ఫోను మా మధ్య పెట్టి మీట నొక్కింది.

"నమస్కారము. దుబాసీ సంఖ్య నూట నలుబది రెండు. తమరు పలుకునది యావత్తూ యథాతథముగా అనువదింపబడును," అని ఫోనులోంచి ఒక గొంతు పలికింది. పదిహేడేళ్ళలో అంత తెలుగు నేను విని ఎరగను. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మా కష్టం చెప్పుకున్నాను. కౌంటరావిడ చిరునవ్వుతో ఏదో అంది.

"అధికారిణిగారు సెలవిచ్చుచున్నది ఏమనగా, వ్యక్తి వెళ్ళవచ్చును. నివాసము వెళ్ళరాదు."

"అంటేనండీ?"

"తమ కుమార్తెగారు ఎచటికైననూ పోవచ్చును. ఆమె నివాసము మాత్రము తమ గృహమునందే నిరంతరాయముగా కొనసాగుచుండవలెను."

"మనిషి లేకుండా నివాసం ఎలా ఉంటదండీ?"

"ఆ ప్రశ్నకు పదునాలుగవ నమూనా పత్రము కలదట. తెచ్చుటకు లోనికి వెళ్ళినారు."

ఆవిడ తలుపు చాటుకు వెళ్ళిందో లేదో, ఫోనులో గొంతు సగానికి తగ్గింది. "అమ్మా, మీది ఏ ఊరండీ?"

"పాలకొల్లండీ."

"ఓరినాయనో! మాది నర్సాపురమండీ! నా పేరు కృపానందమండీ. ఈ మాటలు చూసి హడలిపోకండి, రికార్డు చేస్తారని ఇలా మాట్లాడతాను. మా ఇంటావిడ ఫోను చేసినా ఒక్కోసారి ఇదే వచ్చేస్తది. సంతకం పెట్టేముందు మూడో పేజీ అడిగి చదివించుకోండమ్మా, అందులో ఉంటది తిరకాసంతా... తమకు శుభమగుగాక." ఆవిడ తిరిగి వచ్చేసింది.

పత్రం పేరు నివాస నిరంతరతా పథకం. ఇంతకాలం శాఖవారు మనుషులను లెక్కపెట్టి విసిగిపోయారట. మనుషులు కదులుతారు, జబ్బుపడతారు, పెళ్ళయి పేరు మార్చుకుంటారు. నివాసం ఎక్కడికీ పోదు. కాబట్టి ఇకమీదట మనిషిని కాక నివాసాన్ని లెక్కపెడతారు. ప్రతి శుక్రవారం పరిశీలకుడు ఇంటికి వచ్చి, గది గడప మీద మూడు నిమిషాలు నిలబడి, లోపల నివాసం జరుగుతోందో లేదో చూసి వందకు మార్కులు వేస్తాడు. నలభై దాటితే పిల్ల ఇంట్లో ఉన్నట్టు. తగ్గితే ఇల్లు వదిలేసినట్టు.

"మరి ఆయన లోపలికొచ్చి చూస్తే తెలిసిపోద్ది కదండీ, పిల్ల లేదని?" అన్నాను. దాచడం నాకు చేతకాదు.

"లోనికి వచ్చుట నిషిద్ధము. నివాసితో సంభాషించుటయూ నిషిద్ధము. పూర్వము కొందరు పరిశీలకులు నివాసులతో మాటలాడి, వారి యెడల జాలి వహించిరట."

మూడో పేజీలో నివాస చిహ్నాల జాబితా ఉంది. తడి బ్రష్షు. దువ్వెనలో వెంట్రుకలు. సర్దని పక్క. సగం తాగి వదిలేసిన కప్పు. పదకొండో అంశం కుటుంబ సంఘర్షణ: వారానికి పది నిమిషాలకు తగ్గకుండా, పొరుగువారికి వినబడేలా.

తన్విత జూలై నెలాఖరులో విమానం ఎక్కింది. నేను గది పాడుచెయ్యడం మొదలుపెట్టాను.

అంత కష్టమయిన పని నా జన్మలో చెయ్యలేదు. ఆ పిల్ల పక్కమీద పారేసిన తడి తువ్వాలు తీసి ఆరెయ్యడానికే పుట్టానేమో అనుకునేదాన్ని; ఇప్పుడు ఆరిన తువ్వాలు తడిపి పక్కమీద పారెయ్యాలి. పారేసి ఇటు తిరిగేసరికి నా చేతులే దాన్ని నాలుగు మడతలు పెట్టేసేవి. సగం కాఫీ తాగే పూచీ ఆయనది. ఆయన ఊదుకుంటూ మొత్తం తాగేసి, "అయ్యో" అనేవారు. దువ్వెనలో వెంట్రుకలు నావే పెట్టాను.

పరిశీలకుడి పేరు ఒల్డెన్. పొడుగ్గా, కొంగలా ఉంటాడు. బూట్లు విప్పమంటే విప్పాడు. గడప మీద మూడు నిమిషాలు నిలబడి అరవై ఒకటి వేశాడు. రిపోర్టు ఫోనులో కృపానందంగారు చదివి వినిపించారు. "తువ్వాలును విసరివేసిన తీరునందు సహజత్వము లోపించినది. దువ్వెన సాక్ష్యమును బట్టి నివాసి వయస్సు అకస్మాత్తుగా ముప్పది సంవత్సరములు పెరిగినట్లు తోచుచున్నది."

పదకొండో అంశంలో మాత్రం నూటికి నూరు వచ్చాయి. ఖాళీ గది ముందు నిలబడి పది నిమిషాలు తిట్టమన్నారు. నేను నలభై నిమిషాలు తిట్టాను. పొద్దెక్కేదాకా పడుకోవడం దగ్గర మొదలుపెట్టి, ఎవరూ లేని దేశంలో ఒంటరిగా తిరగడం దాకా వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. హాల్లోంచి ఆయన, "పోనీలేవే, చిన్నపిల్ల!" అన్నారు అలవాటుగా. కింది వాటావాళ్ళు సాక్షి సంతకం పెట్టారు.

రెండో శుక్రవారం యాభై రెండు. మూడో శుక్రవారం నలభై నాలుగు. "నివాసము పలుచబడుచున్నది," అని రిపోర్టు.

"అమ్మా, నలభై నాలుగంటే నా ఫిజిక్స్ మార్కులకంటే ఎక్కువే," అంది తన్విత ఫోనులో.

"ఎగతాళి చేయకే. ఇంకో ఐదు తగ్గితే నువ్వు మనింటికి రాలేవే."

"నువ్వు సరిగ్గా తిట్టట్లేదేమో చూసుకో," అంది. ఈసారి నవ్వలేదు.

నాలుగో శుక్రవారం వరలక్ష్మీవ్రతం.

ఏటా హాల్లో చేసుకుంటాను. ఆ వారం హాల్లో ఆయన వాషింగ్‌మెషీను విప్పి మరలన్నీ పరిచారు. అందుకని పిల్ల గదిలో, తూర్పు వైపు కిటికీ కింద కుర్చీ వేసి, పళ్ళెంలో బియ్యం పోసి, కలశం పెట్టాను. కొబ్బరికాయకు మా అమ్మ ఇచ్చిన వెండి ముఖం కట్టాను. తన్విత మామిడిపండు రంగు పట్టు పరికిణీ, ఓణీ కట్టాను. సవరం తెచ్చి జడవేసి, మల్లెపూలు దొరకవు కాబట్టి ఇక్కడి చామంతులతో ఆయన జడ కుట్టారు. క్రేన్లు బాగుచేసిన చేతులు. జడ చాలా గట్టిగా వచ్చింది. పులిహోర, పరవాన్నం, పూర్ణంబూరెలు, గారెలు, నానబెట్టిన శనగలు, మొత్తం తొమ్మిది రకాలు పెట్టి, అమ్మవారిని ఆవాహన చేసి, దండం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి గడప మీద ఒల్డెన్ నిలబడి ఉన్నాడు.

పదకొండుకు రావలసినవాడు తొమ్మిదిన్నరకే వచ్చాడు. గదంతా సాంబ్రాణి పొగ. దీపాల వెలుగులో అమ్మవారి ముఖం మెరుస్తోంది. ఒల్డెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని మూడు నిమిషాలకు బదులు తొమ్మిది నిమిషాలు నిలబడ్డాడు. తరవాత ఫోను తీసి దుబాసీని పిలిచాడు.

"పరిశీలకులవారు హర్షము వెలిబుచ్చుచున్నారు. నివాసిని నేటికి కన్నులారా చూడగలిగితిననుచున్నారు."

"బాబ్బాబు, కాదని చెప్పండి! ఆవిడ మా అమ్మాయి కాదు. అమ్మవారు!"

కృపానందంగారు చెప్పారు. ఒల్డెన్ చాలాసేపు ఆలోచించి ఏదో అడిగాడు.

"కూర్చుండియున్న ఆమె నివాసి కానిచో, 'ఈ గదియందు ఎవరునూ లేరు' అని నమోదు చేయవలసియుండునట. అటులనే వ్రాయుదునా అని అడుగుచున్నారు."

అరగంట క్రితమే రమ్మని పిలిచి, కూర్చోమని కుర్చీ వేసి, కాళ్ళకు నీళ్ళిచ్చాను. శ్రావణ శుక్రవారం పూట, వెలిగే దీపం ఎదుట నిలబడి, ఇక్కడ ఎవరూ లేరు రాసుకోమని ఎలా అంటాను? నోరు పడిపోదూ?

"అమ్మబాబోయ్, ఆ మాట రాయొద్దనండి. ఉన్నారు."

"ఉన్నదా?"

"ఉన్నారండీ."

"స్వేచ్ఛగా వసించుచున్నదా?"

"పిలిస్తేనే వచ్చారండీ. బలవంతం ఏం లేదు."

"ఎంత కాలము ఉండదలచినది?"

"ఎల్లకాలం ఉండమనే కదండీ మేం అడిగేది."

"ఈ గృహ నిర్వహణయందు ఆమె పాత్ర యేమి?"

"అంతా ఆవిడేనండీ. మాదేం ఉంది?"

ఒల్డెన్ ఒక్కొక్కటీ శ్రద్ధగా రాసుకుని తొంభై ఎనిమిది వేశాడు. తొమ్మిది రకాల భోజనం ఎదురుగా ఉన్నా ముట్టనందుకు రెండు తగ్గించాడు. టోపీ పెట్టుకోకుండానే వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు.

లైను కట్టయ్యేలోగా కృపానందంగారు గొంతు తగ్గించారు. "అమ్మా, మీరు చెప్పింది చెప్పినట్టే చెప్పానండీ. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, మీ పూజ సంగతి నాకంత తెలీదు. ఇందులో అబద్ధం ఏదన్నా ఉందాండీ?"

"ఒక్కటీ లేదు బాబూ."

"మరింకెందుకండీ భయం?"

"అదే నా భయం బాబూ."

మర్నాడు పొద్దున్న స్నానం చేసి, ఉద్వాసన చెప్పి కలశం కదుపుదామని చెయ్యి వేశాను. "ఆగాగు! కదపమాక!" అంటూ ఆయన ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. శాఖవారి ఉత్తరం: 'నివాసం తొంభై ఎనిమిదికి చేరినందుకు అభినందనలు. ఇకమీదట ఏ వారమైనా గణనీయంగా తగ్గితే ఇల్లు వదిలేసినట్టుగా భావిస్తాం.'

అటు శాఖ, ఇటు అమ్మవారు. ఎవరికి కోపం వచ్చినా బతికి బట్టకట్టలేం. పాలకొల్లులో మా పంతులుగారికి ఫోను చేశాను.

"గవర్నమెంటువాళ్ళు అమ్మవారిని ఇంట్లోనే ఉంచమన్నారా?" అన్నారాయన. "ఇంత భక్తిగల గవర్నమెంటు గురించి నేనెక్కడా వినలేదమ్మా. ఉంచుకోండి, తప్పేం లేదు. కాని ఉన్నన్నాళ్ళూ దీపం, నిత్యనైవేద్యం తప్పకూడదు. ఆవిడ ఎదట గొడవలు పడకూడదు."

గొడవ పడకపోతే పదకొండో అంశంలో సున్నా వస్తుంది. మావారే ఉపాయం చెప్పారు. "బాల్కనీలోకొచ్చి నన్ను తిట్టు." అలాగే చేశాను. రిపోర్టులో, 'ఇంట్లో ఇంత రభస జరుగుతున్నా నివాసి ముఖంలో చిరునవ్వు చెదరలేదు. ఓర్పు అసాధారణం' అని వచ్చింది.

సెప్టెంబరులో శాఖకు పెద్ద, మహాసంచాలకులవారు స్వయంగా వచ్చారు. వెనక పద్నాలుగు మంది అధికారులు మేజోళ్ళతో వరసగా గడప ముందు నిలబడి, ఒకరి తరవాత ఒకరు తొంగిచూశారు. వాళ్ళల్లో ఆరుగురు ఆడవాళ్ళు. అమ్మవారుండగా ఇంటికి వచ్చిన ఆడవాళ్ళను ఉత్తచేతులతో పంపకూడదు కదా! బొట్టుపెట్టి, అరటిపండు, శనగలు, జాకెట్టు ముక్క చేతిలో పెట్టాను. ఫైలులో ఇలా రాసుకున్నారట: 'నానిన ధాన్యం, రుచి బాగున్నది. వస్త్రఖండం, నిమిత్తం తెలియరాలేదు. స్వీకరించడమైనది.'

"ఆదర్శ నివాసము," అని మహాసంచాలకులవారి మాటలను కృపానందంగారు ఫోనులో గంభీరంగా వినిపించారు. "ఈ నివాసి ఏమియూ కోరదు. ఆస్పత్రికి వెళ్ళదు. రోడ్లను అరగదీయదు. దరఖాస్తులు పెట్టదు. మన శాఖ ఇన్నాళ్ళూ ఎదురుచూచినది ఇటువంటి వ్యక్తి కొరకే."

పదిరోజుల్లో సర్క్యులర్ వచ్చింది. చదువుకో పనికో బయటికి వెళ్ళిన ప్రతి శాశ్వత నివాసి గదిలోనూ పట్టుబట్ట, కొబ్బరికాయ, నానిన శనగలు ఉండాలి. ఊళ్ళో కొబ్బరికాయలు నిండుకున్నాయి. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో మా ఇంటి ముందు వరస కట్టారు. అందరికీ జడ వెయ్యడం నేర్పాను. రొట్టెల కొట్టావిడ మొగుడు ఓడమీద పనికి వెళ్ళాడు. ఆయన బదులు పెట్టిన కాయకు మీసాలు గీయాలా అని అడిగింది. నాకు తెలియదు, శాఖను అడగమన్నాను. మీసాలు ఐచ్ఛికమని రెండో సర్క్యులర్ వచ్చింది.

అక్టోబరులో మా కలశం మీది కొబ్బరికాయకు మొలక వచ్చింది. శుభమని మేం సంబరపడ్డాం. ఒల్డెన్ కూడా సంబరపడ్డాడు. 'నివాసి ఎత్తు మూడంగుళాలు పెరిగినది. ఇక్కడి వాతావరణం సరిపడుతున్నది' అని రాశాడు.

నవంబరు మొదట్లో బంగారురంగు అంచు కవరు వచ్చింది. వంద రోజుల్లో ఒక్కసారి కూడా గడప దాటని నిష్ఠకు మెచ్చి, నివాసికి పౌరసత్వం ఇస్తున్నారట. ప్రమాణ స్వీకారానికి ఒల్డెన్ వచ్చాడు. పత్రం పైకి చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమని ఒక నిమిషం ఆగాడు. కాదనకపోతే అవునన్నట్టేనట. దీపం కూడా కదల్లేదు. రాసుకున్నాడు.

"తన్వీ, పౌరసత్వం వచ్చిందే," అన్నాను ఫోనులో.

"నాకా!"

"ఆవిడకి."

పిల్ల నవంబరు నెలాఖరు శుక్రవారం వస్తోంది. టర్ము ప్యాసయింది, డిగ్రీ ఇస్తామని యూనివర్సిటీవాళ్ళు రాశారు. ఆయన తెల్లవారగానే ఎయిర్‌పోర్టుకు వెళ్ళారు. దీపం వదిలి రాకూడదని నేను ఇంట్లో ఉన్నాను. ఒల్డెన్ వచ్చి తొంభై తొమ్మిది వేసి బూట్లు తొడుక్కుంటూండగా ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి అనుకున్నాను. అంతకన్న చెడ్డది.

"నమస్కారము. దుబాసీ సంఖ్య నూట నలుబది రెండు," అన్నారు కృపానందంగారు. "విమానాశ్రయాధికారివారు లైనుపై ఉన్నారు. వారు అడుగుచున్నది ఏమనగా, నేటి ఉదయము తొమ్మిది గంటల నలుబది నిమిషములకు తన్వితగారు తమ గృహమునందు ఉన్నట్లు పరిశీలకులవారు ధ్రువీకరించిరి. అయినచో అదే పేరుతో, అదే ముఖముతో మా యెదుట నిలచియున్న ఈమె ఎవరు?"

"మా అమ్మాయండీ!"

"అయినచో ఇంటనున్నది తన్విత కాదు. తన్విత నూట ఇరువది దినములుగా దేశమునందు లేదు. ఆమె నివాసము రద్దు. సాయంకాలము నాలుగు గంటల విమానమున తిరిగి పంపెదరు."

"వద్దండీ, వద్దండీ! ఇంట్లో ఉన్నావిడే అనుకోండి."

"అయినచో ఈమె మారుపేరుతో వచ్చిన వంచకురాలు. సాయంకాలము నాలుగు గంటల విమానము."

ఏ దారిన వెళ్ళినా అదే విమానం. గది గోడకు చేరబడి కూలబడ్డాను. ఫోనులో దూరంగా పిల్ల గొంతు వినబడింది. "అమ్మా, ఏదో ఒకటి చెప్పవే. ఆకలేస్తోంది." నవ్వినట్టు అనబోయింది, కాని నవ్వు రాలేదు.

"అమ్మా," అన్నారు కృపానందంగారు. "ఇప్పుడు మాటాడేది అధికారిగారు కాదండీ, నేనేనండీ. వేరే దేశంలో ఉన్న చుట్టాలు పౌరుల ఇంటికి రాకూడదా, అడగండి."

ఫోనులో బీప్ మని శబ్దం వచ్చింది. "దుబాసీ స్వయముగా భాషించుట నిషిద్ధమని యంత్రము హెచ్చరించుచున్నది," అని తనే అనువదించి చెప్పారు. "అడగండమ్మా, పర్లేదు."

లేచి నిలబడ్డాను. "మా ఇంట్లో పౌరురాలుందండీ. ఆవిణ్ణి చూడ్డానికి చుట్టం వచ్చింది. రానిస్తారా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. పౌరులు చుట్టాలను పిలుచుకోవచ్చట. వరస ఏమిటని అడిగారు.

"కూతురండీ."

"ఎవరికి కూతురు?"

"ఆవిడకేనండీ. ఆ మాటకొస్తే మేమందరం ఆవిడ పిల్లలమే."

"రికార్డు ప్రకారము నివాసికి ఇరువది సంవత్సరములు. వచ్చినామెకునూ ఇరువది సంవత్సరములు," అని ఆగారు. ఒకరినొకరు అడుగుతున్నారు, ఎవరో పుస్తకం తెమ్మంటున్నారు. "ఇరువదేండ్ల స్త్రీకి ఇరువదేండ్ల కుమార్తె ఉండరాదను నిబంధన ఏదియూ కానరాలేదట. దరఖాస్తు చెల్లును. కాని ఆహ్వానించువారి సమ్మతి కావలెను."

ఒల్డెన్ తొడుక్కున్న బూటు మళ్ళీ విప్పాడు. గడప మీద నిలబడి, టోపీ తీసి, అమ్మవారి వంక చూస్తూ వాళ్ళ భాషలో మెల్లగా అడిగాడు. మూడు నిమిషాలు ఆగాడు. నేను ఊపిరి బిగబట్టాను. ఒల్డెన్ కూడా బిగబట్టాడనుకుంటాను.

"నివాసి అభ్యంతరము చెప్పలేదు," అన్నారు ఫోనులో.

"దేవుడా!"

"తొందరపడరాదు. చివరి ప్రశ్న గృహస్థురాలయిన తమకు. అతిథి ఇచట ఉన్నంతకాలము ఆమె అన్నవస్త్రములకు, ఆరోగ్యమునకు, సత్ప్రవర్తనకు, ఆమెకు ఏ ఆపదయూ రాకుండుటకు నివాసి పూచీపడునా?"

"అవేనండీ నేను ఆవిణ్ణి రోజూ అడిగేది," అన్నాను.

కృపానందంగారు ఈసారి యథాతథంగా అనువదించలేదు. వాళ్ళ భాషలో 'అవును' అన్న ఒకే ఒక్క మాట చెప్పేశారు. అవతల ముద్ర పడిన చప్పుడు ఇంటిదాకా వినబడింది.

పన్నెండింటికి పిల్ల గుమ్మంలోకి వచ్చింది. చిక్కిపోయింది. మెళ్ళో ఆకుపచ్చ తాడుకు కార్డు వేలాడుతోంది: 'అతిథి. ముప్ఫై రోజులు.' కాళ్ళు కడుక్కుని గదిలోకి తొంగిచూసింది. తన పరికిణీ కట్టుకుని, నెత్తిన మూరెడు మొలకతో వెలిగిపోతున్న పౌరురాలికి దండం పెట్టింది.

"నాకంటే బావుందమ్మా," అంది.

కంచం పెట్టాను. మూడు ముద్దలు తిన్నాక చెయ్యి ఆపి నా వంక చూసింది. "అమ్మా, ముప్ఫై రోజులయ్యాక?"

ఆయన కూడా నా వంకే చూశారు. ఇలాంటి ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ నాలుగు జవాబులు సిద్ధంగా ఉంటాయని, నాలుగూ ఆపదలేనని ఆయనకు తెలుసు.

"తరవాత సంగతి తరవాత. తిను."

ఆయన గబగబా లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. "జ్వరం లేదే!" అన్నారు.

పిల్ల కంచం జరిపి పులిహోర ఇంకాస్త వెయ్యమంది. వేశాను.